మిక్సీ గొంతుతో మొదలైన ఆల్కో

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం పొద్దున ఏడింటికి మా ఇంట్లో మొదటిసారి డీజిల్ ఇంజన్ స్టార్టయింది. రెండు వారాలు రాత్రుళ్లు కూర్చుని చేసిన పని. డైనింగ్ టేబుల్ మీద మూడడుగుల పట్టా వేసి, దానిమీద నా మోడల్ రైలింజన్, మన రైల్వే పాత డీజిల్ డబ్ల్యూడీఎం-2 నమూనా పెట్టి, కంట్రోలర్‌లో సౌండ్ బటన్ ఎఫ్8 నొక్కి, చెవి దగ్గరగా పెట్టుకుని కూర్చున్నా. సౌండైతే వచ్చింది. వంటింట్లోంచి అమ్మ అరిచింది, "పొద్దుగాల్నే మిక్సీ ఎవరు పెట్టిండ్రు రా, మోటర్ కాలుతున్నట్టుంది చూడు" అని.

అదీ సంగతి. బండి లోపల సౌండ్ పలికించే బోర్డు, డెకోడర్ అంటారు, ఆ ఒక్కదానికే పన్నెండు వేలు అయింది, అదీ అమెరికా నుంచి కజిన్ సూట్‌కేసులో పచ్చడి డబ్బాలు ఖాళీ అయిన చోట పెట్టుకుని తెచ్చింది, దాంట్లోంచి వచ్చింది కొబ్బరి చట్నీ రుబ్బే చప్పుడు. ఆ మిక్సీ నుంచి ఆల్కో (అసలు ఇంజన్ చేసిన అమెరికా కంపెనీ) గొంతు దాకా రావడానికి నాకు ఇంకో మూడు నెలలు పట్టింది, ఆ మూడు నెలల్లో డెకోడర్ మీద ఒక్క రూపాయి ఎక్స్‌ట్రా పెట్టలేదు, మధ్యలో నా తప్పుతో కాల్చుకున్న రెండువేలు పక్కన పెడితే పెట్టిందంతా కలిపి మూడొందలు కూడా ఉండదు. ఆ కథే రాస్తున్నా, ఎవరైనా ఇదే పనిలో దిగి పరేషాన్ అవుతుంటే పనికొస్తుందని.

ఈ లోకం తెలియనివాళ్ల కోసం కొంచెం. నా బండి హెచ్‌ఓ స్కేల్, అంటే అసలు దాంట్లో 87వ వంతు. పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. (మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు కాబట్టి లెక్క ప్రకారం 19 పైన ఉండాలి, అది మనసులో పెట్టుకుంటే నిద్ర పట్టదు, లైట్ తీస్కోండి.) పాత డీసీ పద్ధతిలో పట్టాల్లోకి ఎంత వోల్టేజ్ వదిలితే బండి అంత స్పీడు, ఆపాలంటే వోల్టేజ్ సున్నా. మరి సున్నా వోల్టేజ్‌లో ఆగి ఉన్న ఇంజన్ గుడగుడ ఎలా అంటుంది? అందుకే సౌండ్ పిచ్చి పట్టినవాళ్లంతా డీసీసీకి (డిజిటల్ కమాండ్ కంట్రోల్) వస్తారు. దీంట్లో పట్టాల్లో ఎప్పుడూ ఒక 14, 15 వోల్టులు నిండుగా ఉంటాయి, ఆ కరెంట్‌లోనే కలిపి "మూడో నంబరు బండీ, నువ్వు ఇంత స్పీడు పో, హారన్ కొట్టు" అని డిజిటల్ ఆర్డర్లు పోతుంటాయి, బండిలో ఉన్న డెకోడర్ తన నంబరు వచ్చినప్పుడు విని చేస్తుంది. జర్మనీలో లెంజ్ కంపెనీ చేసిన పద్ధతి ఇది, దాన్ని ఆధారం చేసుకుని 1990లలో అమెరికాలోని మోడల్ రైళ్ల సంఘం ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ స్టాండర్డ్ చేసింది, అందుకే ఒక కంపెనీ కంట్రోలర్ ఇంకో కంపెనీ డెకోడర్‌తో మాట్లాడుతుంది. సౌండ్ డెకోడర్ అంటే అదే బోర్డు మీద రికార్డింగులు దాచుకునే మెమరీ, ఒక చిన్న యాంప్లిఫయర్ కూడా ఉన్నది. దానికి రెండు వైర్లు, ఆ రెండిటి చివర స్పీకర్.

నా డెకోడర్ ఈఎస్‌యూ అనే కంపెనీ వాళ్ల లోక్‌సౌండ్ 5. సుమారు మూడు సెంటీమీటర్ల పొడుగు, ఒకటిన్నర వెడల్పు. ఇంతేనా అనిపిస్తుంది కానీ బండి లోపల చూస్తే తెలుస్తుంది కథ. అసలు డబ్ల్యూడీఎం-2 పొడవు 17 మీటర్ల పైచిలుకు, హెచ్‌ఓలో అది 20 సెంటీమీటర్లకి కాస్త తక్కువ. దాని హుడ్, అంటే ఇంజన్ మీది కప్పు, సన్నగా ఉంటుంది, లోపల వెడల్పు మహా అయితే రెండు సెంటీమీటర్లు, ఆ రెండు సెంటీమీటర్లలో మోటర్, రెండు ఫ్లైవీల్స్, ఇటూ అటూ షాఫ్టులు, పైన లైట్ల వైర్లు. నా బండి బాడీ త్రీడీ ప్రింట్, కింద చాసిస్ ఒక పాత అమెరికన్ ఆరు ఇరుసుల డీజిల్‌ది, సెకండ్ హ్యాండ్. చాసిస్ అంటే పూర్తిగా పోతపోసిన లోహం ముద్ద, బరువు కోసం. ఎక్కడా గాలి ఆడే సందు లేదు, అసలు నాకు కావాల్సిందే గాలి అని అప్పటికి తెలీదు.

సౌండ్ ఫైల్ విషయంలో మాత్రం మనవాళ్ల అదృష్టం బాగుంది. డబ్ల్యూడీఎం-2 లోపల ఉన్నది ఆల్కో 251, 16 సిలిండర్లు, 2600 హార్స్‌పవర్. 1962లో మొదటివి అమెరికాలో ఆల్కో ఫ్యాక్టరీ నుంచే వచ్చాయి, 1964 నుంచి వారణాసిలో మనమే చేసుకున్నాం. ఆ ఆల్కో కంపెనీ 1969లోనే లోకోలు చెయ్యడం ఆపేసింది, మనం మాత్రం దశాబ్దాల పాటు అదే ఇంజన్‌ని చేస్తూ, పెంచుతూ, 3100 హార్స్‌పవర్ పైదాకా లాగి నడిపాం. అమ్మగారి ఊర్లో ఆపేసిన వంట కోడలు ఇంట్లో నలభై ఏళ్లు చేసినట్టు. కాబట్టి ఇండియన్ లోకో సౌండ్ ఎక్కడ దొరుకుతుందని వెతకక్కర్లేదు, అమెరికన్ ఆల్కో 251 వీ16 ఫైల్ తీస్కుంటే ఇంజన్ గొంతు అదే. హారన్, బెల్ మాత్రం వాళ్లవి ఉంటాయి. లోక్‌సౌండ్‌లో మంచి విషయం ఏంటంటే, లోక్‌ప్రోగ్రామర్ అనే డబ్బా ఉంటే వాటి బదులు మన రికార్డింగ్ ఎక్కించుకోవచ్చు. కొన్ని బ్రాండ్లలో ఆ సౌకర్యం లేదు, ఉన్న హారన్లలో ఒకటి సెలెక్ట్ చేసుకోవడమే. కొనేముందు ఇది చూసుకోండి, మనకి సరిపోయే రెండు గొంతుల హారన్ వాళ్ల లిస్టులో ఉండడం కష్టం.

సరే మిక్సీ దగ్గరికి వద్దాం. మా కాక మౌలాలి డీజిల్ షెడ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. మా ఇల్లు మల్కాజ్‌గిరి, ఆయన ఇల్లు రెండు గల్లీల అవతల. బండి చూపిద్దామని పిలిచా, నాకు లోపల ఎక్కడో ఆయన కళ్లల్లో నీళ్లు తిరుగుతాయేమో అని ఆశ కూడా. చాయ్ తాగుతూ ఒక అర నిమిషం విన్నాడు. "ఇది ఆల్కో కాదురా, కందిరీగ. కిందిది లేదు దీంట్ల, అంతా పైపైన ఒర్లుతున్నది" అన్నాడు. కందిరీగా మిక్సీయా అని అమ్మా ఆయనా కాసేపు వాదించుకున్నారు.

"కిందిది లేదు" అన్న మాట నాకు పట్టుకుంది. లెక్క వేసి చూశా. ఆల్కో 251 నాలుగు స్ట్రోకుల ఇంజన్, అంటే ఒక్కో సిలిండర్ రెండు రౌండ్లకి ఒకసారి పేలుతుంది, 16 సిలిండర్లు కాబట్టి ఒక రౌండ్‌కి 8 పేలుళ్లు. ఐడిల్‌లో 400 ఆర్‌పీఎం, అంటే సెకనుకి ఆరున్నర రౌండ్ల పైన, మొత్తం సెకనుకి సుమారు 53 పేలుళ్లు. 53 హెర్ట్జ్. ఫుల్ నాచ్‌లో (డ్రైవర్ హ్యాండిల్ చివరి మెట్టు) 1000 ఆర్‌పీఎం, అప్పుడు కూడా 133. ఇప్పుడు చిటికెన వేలి గోరంత స్పీకర్ 53 హెర్ట్జ్ పలకాలంటే జరిగే పని కాదు, వేలకి వేలు పోసినా కాదు, అంత గాలిని కదిలించే సైజే లేదు దానికి. అయితే ఊరట ఏంటంటే మన చెవి, మెదడు కలిసి కొంత మోసపోతాయి. 53 ఒక్కటే కాదు కదా, దాని మీద 106, 159, 212 అలా గుణిజాలు వరసగా ఉంటాయి, పైవి వినిపిస్తే వాటి మధ్య ఎడం బట్టి "కింద ఒక స్వరం ఉంది" అని మెదడే పూరించుకుంటుంది. ఫోన్ స్పీకర్‌లో కూడా మగవాళ్ల గొంతు మగ గొంతులాగే వినపడేది అందుకే. కాబట్టి 53 రాకపోయినా పర్లేదు, 300, 400 దాకా దిగినా సగం పని అవుతుంది. నా స్పీకర్ అక్కడిదాకా కూడా ఎందుకు దిగట్లేదు?

ఎందుకంటే నేను దాన్ని బాడీ లోపల టేపుతో అంటించి ఊరుకున్నా. పెట్టె లేదు. స్పీకర్ డయాఫ్రమ్, అంటే కదిలే పొర, ముందుకి తోసినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి అదే టైముకి పల్చబడుతుంది, స్పీకరే అంత చిన్నది కాబట్టి ముందున్న గాలి పక్కనుంచి జారి వెనక్కి పోయి ఆ ఖాళీ పూడ్చేస్తుంది. రెండూ కలిసి రద్దు. పైస్థాయి కీచు శబ్దాలకి అలా తిరిగొచ్చే టైం ఉండదు కాబట్టి అవి మిగులుతాయి, కిందివి చచ్చిపోతాయి. మిగిలిందే మిక్సీ. నమ్మకపోతే ఏదైనా పాత స్పీకర్ బయటికి తీసి పాట పెట్టి, ఒక అట్టముక్కకి దాని సైజు కన్నం కోసి అందులో బిగించి చూడండి, స్పీకర్ మారకుండానే గొంతు మారిపోతుంది. వీణకి కుండ తీసేస్తే ఎలా ఉంటుందో అలా, సరిగ్గా అదే సూత్రం కాదు గానీ బాధ మాత్రం అదే.

అంటే నాకు కావాల్సింది స్పీకర్ వెనక మూసేసిన గాలి. ఆ గాలి ఎంత ఎక్కువుంటే అంత మంచిది, పెట్టె మరీ చిన్నదైతే లోపలి గాలి స్ప్రింగులా బిగుసుకుపోయి డయాఫ్రమ్‌ని కదలనివ్వదు, మళ్లీ గొంతు పైకి పోతుంది. ఈ ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పుంటే.

ఇక్కడ జగదీష్ మార్కెట్ ఎంటరవుతుంది. మోడల్ రైళ్ల వాళ్లు షుగర్ క్యూబ్ అని పిలిచే స్పీకర్లు ఉంటాయి, 11 బై 15 మిల్లీమీటర్లు, ఇవి పుట్టింది మొబైల్ ఫోన్ల కోసం. ఫారిన్ షాపుల్లో పెట్టెతో కలిపి బాగానే రేటు, షిప్పింగు దానికి రెండింతలు. అదే అబిడ్స్ జగదీష్ మార్కెట్లో మొబైల్ స్పేర్ల షాపుల ముందు డబ్బాల్లో గుట్టలు. వెళ్లి "స్పీకర్" అంటే ఇయర్‌స్పీకర్ చేతిలో పెడతారు, చెవి దగ్గర పెట్టుకుని వినేది, అది పల్చగా ఉంటుంది, చాలావరకు 32 ఓమ్స్. మనకి కావాల్సింది "రింగర్", అంటే రింగ్‌టోన్ మోగేది, ఇది 8 ఓమ్స్ ఉంటుంది. నేను మల్టీమీటర్ తీసుకుని పోయి ఒక్కోటీ పెట్టి చూస్తుంటే షాపతను "క్యా భాయ్, ముప్పై రూపాయల మాల్‌కి ఇంత టెస్టింగా, పెళ్లిచూపులా" అన్నాడు. మీటర్‌లో 7 చిల్లర చూపిస్తే అది 8 ఓమ్స్‌దే, కంగారు పడొద్దు, మీటర్ చూపించేది డీసీ రెసిస్టెన్సు. ఆరు తీసుకున్నా, రకానికి రెండు. ఓమ్స్ ఎందుకు చూడాలంటే డెకోడర్ ఎంత తట్టుకుంటుందో అంతే పెట్టాలి, నా లోక్‌సౌండ్ 5 నాలుగు నుంచి 32 దాకా ఒప్పుకుంటుంది కాబట్టి 8వి రెండు ప్యారలల్ పెట్టినా 4 అయి సరిపోతుంది. పాతకాలం లోక్‌సౌండ్ 3.5కి మాత్రం 100 ఓమ్స్ స్పీకరే పెట్టాలి, ఎవరైనా పాత బండి అమ్ముతుంటే ఈ సంగతి అడగండి.

అక్కడినుంచి నడిచి కోఠి గుజరాతీ గల్లీకి పోయి సన్న వైరు, స్లీవ్, ఆ గోధుమరంగు వేడికి ఆగే టేపు తీసుకున్నా. మధ్యలో ఒక ఇరానీ చాయ్. ఆ రోజు మొత్తం ఖర్చు రెండువందల నలభై, ఆటోతో కలిపితే వేరే లెక్క.

పెట్టె దేంతో చెయ్యాలి? మొదట అగ్గిపెట్టె అట్టతో చేశా, సౌండు వెంటనే మారింది కానీ అట్ట కూడా కలిసి వణుకుతుంది, గరగర. గోడలు గట్టిగా ఉండాలి. మోడలింగ్ వాళ్లు స్టైరీన్ షీట్ వాడతారు, నా దగ్గర లేదు. డ్రాయర్లో చూస్తే ఎక్స్‌పైరీ అయిన ఏటీఎం కార్డులు మూడు ఉన్నాయి. 0.76 మిల్లీమీటర్ల మందం, గట్టి ప్లాస్టిక్, కత్తితో గీసి విరిస్తే నున్నగా విరుగుతుంది. రెండు పొరలు కలిపితే బ్రహ్మాండం. నాలుగు మిల్లీమీటర్ల లోతుది ఒకటి, తొమ్మిది మిల్లీమీటర్లది ఒకటి చేసి పక్కపక్కన విన్నా. నాలుగుది రేడియోలో డీజిల్ ఇంజన్. తొమ్మిదిది గల్లీ చివర డీజిల్ ఇంజన్. అంత తేడా, ఐదు మిల్లీమీటర్లకి.

తప్పు కూడా ఇక్కడే చేశా. పెట్టె అంచులన్నీ ఫెవిక్విక్‌తో అంటించి, స్పీకర్‌ని కూడా దాంతోనే బిగించి, ఆరకముందే మూసేశా. దాని ఆవిరి లోపల చిక్కుకుని డయాఫ్రమ్ మీద తెల్లగా పొరలాగా కట్టింది, స్పీకర్ గొంతు జలుబు చేసినట్టయింది. రెండోది గోడలు అంటించి ఒక రాత్రి ఆరబెట్టి, స్పీకర్‌ని మాత్రం నోటీస్‌బోర్డుకి కాగితాలు అంటించే ఆ మెత్తటి ముద్ద ఉంటుంది కదా, దాన్ని సన్నగా పాముకుని చుట్టూ సీల్ చేశా. వైర్లు వచ్చే కన్నం కూడా మూయాలి. సూదిమొన అంత సందు ఉన్నా తెలుస్తుంది. చెక్ చెయ్యడం తేలిక, స్పీకర్ మీద వేలితో చాలా మెల్లగా అదిమి వదిలితే వెనక గాలి ఆపుతున్నట్టు తెలియాలి. గట్టిగా నొక్కితే పోతుంది, అలా ఒకటి పోగొట్టా, ముప్పై రూపాయలే కాబట్టి ఏడవలేదు.

తొమ్మిది మిల్లీమీటర్ల పెట్టె ఎక్కడ పెట్టాలి మరి? చాసిస్ ముద్దలో వెనకవైపు రేడియేటర్ కింద భాగాన్ని హ్యాక్‌సా బ్లేడుతో కోసి, ఆకురాయితో రెండు సాయంత్రాలు అరగదీశా. బాల్కనీ నిండా లోహం రజను, మా ఆవిడ కుండీల్లో మొక్కలకి మెటల్ విటమిన్లు వేస్తున్నావా అంది. ఒక్క రజను మోటర్‌లోకి పోయినా, స్పీకర్‌లోకి దూరినా పని అయిపోతుంది, అందుకే మోటర్ తీసేసి చాసిస్ ఒక్కటే కొయ్యండి, తర్వాత సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. బరువు తగ్గినందుకు బండి లాగే శక్తి కొంచెం తగ్గింది, ముందు ఎనిమిది బోగీలు ఎత్తు మీదికి లాగేది, ఇప్పుడు ఆరు. నాకు ఓకే. స్పీకర్ మొహం పైకి, రేడియేటర్ ఫ్యాన్ జాలీ వైపు. ఆ జాలీ ప్రింట్‌లో మూసుకుని ఉంటే 0.8 డ్రిల్ బిట్టుతో చేత్తో తిప్పుతూ కన్నాలు పెట్టా. సౌండ్ బయటికి పోవడానికి దారి లేకపోతే పెట్టె ఎంత బాగున్నా దండగ.

వైరింగ్ గురించి పెద్దగా చెప్పను, రంగులు స్టాండర్డే, ఎరుపు, నలుపు పట్టాల నుంచి వచ్చేవి, నారింజ, బూడిదరంగు మోటర్‌కి, తెలుపు ముందు లైటు, పసుపు వెనక లైటు, నీలం వాటన్నిటికీ కామన్. స్పీకర్ వైర్లు రెండూ చాసిస్‌కి గానీ ఇంకదేనికి గానీ తగలకూడదు, తగిలితే యాంప్లిఫయర్ పోతుంది. ఒక్క సంగతి మాత్రం ఆగి చెప్తా, ఎందుకంటే దీనివల్ల పొగ చూశా. పాత డీసీ బండ్లలో చాలావాటికి మోటర్ కింది బ్రష్ (మోటర్‌కి కరెంటు అందించే ముక్క) నేరుగా చాసిస్ లోహానికి ఆని ఉంటుంది, చాసిస్సే ఒక వైరులాగా పనిచేస్తుంది. డీసీలో సమస్య లేదు. డీసీసీలో పట్టాల కరెంటు డెకోడర్‌ని దాటేసి అటునుంచి దాని మోటర్ అవుట్‌పుట్‌లోకి దూరిపోతుంది. నేను పైబ్రష్ చూసి అంతా ఓకే అనుకున్నా. అదృష్టం ఏంటంటే ముందు టెస్టింగ్‌కని సౌండ్ లేని మామూలు డెకోడర్ పెట్టా, టప్‌మని చిన్న చప్పుడు, అగరొత్తి అంత పొగ, రెండువేలు పోయాయి. కాక ఆ రోజు కూడా ఉన్నాడు. "మీటర్ పెట్టి చూసినవా?" అన్నాడు. పెట్టలేదు. "షెడ్‌ల అయితే ఛార్జ్‌షీట్ ఇచ్చేటోళ్లు నీకు" అని చాయ్ తాగాడు. మోటర్ రెండు కాళ్లకీ, పట్టాలకీ మధ్య మీటర్ పెడితే ఏ జతలోనూ కనెక్షన్ చూపించకూడదు. చూపిస్తే డెకోడర్‌ని డబ్బాలోంచి బయటికి కూడా తియ్యొద్దు. కింది బ్రష్ కింద ఆ గోధుమరంగు టేపు రెండు పొరలు వేసి, విడిగా వైరు సోల్డర్ చేశాక నాది సెట్టయింది.

బాడీ బిగించకముందే ప్రోగ్రామింగ్ ట్రాక్ (సెట్టింగులు రాసే పట్టా) మీద పెట్టి చూడండి, అక్కడ కరెంటు తక్కువే వస్తుంది కాబట్టి తప్పున్నా పొగ దాకా పోదు. సీవీలంటే డెకోడర్ సెట్టింగుల నంబర్లు, సీవీ1లో బండి నంబరు, సీవీ8లో 8 రాస్తే ఫ్యాక్టరీ సెట్టింగులకి వెనక్కి. సీవీ54లో 0 రాసి, మామూలు పట్టా మీద ఎఫ్1 నొక్కితే బండి ఒక్కసారి ఫుల్ స్పీడులో దూకి మోటర్‌ని తనే కొలుచుకుంటుంది, టేబుల్ అంచు దగ్గర మాత్రం ఈ పని చెయ్యకండి. ఎందుకు చెప్తున్నానో అర్థమైందనుకుంటా.

ఇప్పుడు మళ్లీ కాకని పిలిచా. ఈసారి బాడీతో సహా, పెట్టెతో సహా, వాల్యూమ్ ఫుల్లు. ఇంజన్ అందుకుంది, డబడబడబ, అమ్మ కూడా వంటింట్లోంచి ఏమీ అనలేదు. కాక ముందు ఒక్క మాటే అన్నాడు, "గింత గట్టిగ ఎందుకు?" నేను ఆల్కో గట్టిగానే ఉంటుంది కదా అన్నా. "నువ్వు ఎంత దూరంకెల్లి చూస్తున్నవ్ రా దాన్ని?" అన్నాడు. దీని లెక్క కూడా వేస్తే ఆయన మాట కరెక్టే, కళ్లకి బండి మీటరు దూరంలో ఉంటే 87 స్కేల్లో అది 87 మీటర్ల అవతల ఉన్నట్టు. 87 మీటర్ల అవతలి ఇంజన్ పక్కన నిలబడ్డట్టు మోగితే కంటికీ చెవికీ పొత్తు కుదరదు. సీవీ63 మొత్తం వాల్యూమ్, ఫ్యాక్టరీలో 180 ఉంటుంది, నేను తగ్గిస్తూ తగ్గిస్తూ 60కి తెచ్చా. ఇంకో లాభం, ఆ చిన్న స్పీకర్ ఫుల్లులో చీలిపోయే చోట ఇప్పుడు చీలట్లేదు. ఎగ్జిబిషన్లలో పది బండ్లు ఫుల్ వాల్యూమ్‌లో పెట్టి నిలబెడతారు చూడండి, బారాత్ డీజేలు ఎదురెదురుగా వచ్చినట్టు, పది నిమిషాలు తట్టుకోలేం.

కాక రెండో మాట ఇంకా పనికొచ్చింది. నేను కంట్రోలర్ నాబ్ తిప్పగానే బండి పరుగెత్తింది, సౌండు వెనకాల వచ్చింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "హ్యాండిల్ తీయంగనే ఉరకదురా ఆల్కో. ముందుగల ఇంజన్ ఎత్తుకుంటది, నల్లపొగ కొడతది, టర్బో ఈల అందుకుంటది, గప్పుడు బండి జరుగుతది, గది కూడ మెల్లగ." ఆ నల్లపొగ ఎందుకో కూడా చెప్పాడు, డీజిల్ వెంటనే ఎక్కువ పడుతుంది కానీ టర్బో తిరిగి గాలి అందించడానికి టైం పడుతుంది, ఆ మధ్యలో సరిగా కాలని డీజిలే ఆ పొగ. పొగ నేను పెట్టలేను గానీ (ఒకసారి పెట్టా కదా రెండువేలకి) మిగతాది సెట్టింగుల్లో చెయ్యొచ్చు. సీవీ3 అంటే స్పీడందుకునే టైం, దాన్ని బాగా పెంచా, ఆగే టైం సీవీ4ని కూడా. ఇంకా డ్రైవ్ హోల్డ్ అని ఒక ఫంక్షన్ ఉంది, అది నొక్కితే బండి వేగం ఉన్నచోటే ఉండి ఇంజన్ సౌండు మాత్రం నాబ్‌తో నాచ్‌లు ఎక్కుతుంది. ఆగి ఉన్న బండిని అలా రెండు మూడు నాచ్‌లు ఎత్తి, ఈల అందుకున్నాక వదిలితే మెల్లగా కదులుతుంది. ఇది పట్టుబడ్డాక నాకు ఆ మూడడుగుల పట్టా చాలు, గంటలు గంటలు ఊరికే స్టార్ట్ చేసి ఆపుతూ కూర్చుంటున్నా.

మిగిలింది హారన్. మా ఇంటి మేడ మీదికి మల్కాజ్‌గిరి లైను బాగానే వినిపిస్తుంది, కాకపోతే ఇప్పుడు కరెంటు ఇంజన్లే ఎక్కువ, లాలాగూడ షెడ్ డబ్ల్యూఏపీ-7లు పోతుంటాయి, డీజిల్ ఎప్పుడో ఒకటి. హారన్ వరకు ఏదైనా పర్లేదు అనుకుని ఫోన్‌ని నీళ్లట్యాంకు పక్కన పాత సాక్సులో చుట్టి పెట్టా, గాలి హోరు తగలకుండా. పదకొండు రోజులు. కుక్కలు, కుక్కర్ విజిల్, పక్కింటి బోరు మోటర్, ఒకరోజు మంచి హారన్ దొరికింది అనుకుంటే దాని మధ్యలో మా కింది ఫ్లాటాయన తుమ్ము. పన్నెండో రోజు పొద్దున దొరికింది, పై గొంతూ కింది గొంతూ కలిపి పొడుగ్గా, ఒక గూడ్సు. కానీ దాని తోక మీద గల్లీలో తిరిగే ఆటో స్పీకరు, "పాత ఇనుప సామాన్లు, పాత ఫ్రిజ్‌లు, పాత కూలర్లు కొంటాం".

హారన్‌ని మూడు ముక్కలు కొయ్యాలి, మొదలు, మధ్య, చివర. బటన్ నొక్కి పట్టుకున్నంతసేపు మధ్య ముక్క తిరుగుతూ ఉంటుంది, వదిలితే చివరిది మోగుతుంది. మధ్య ముక్క రెండు కొసలూ అలలో ఒకే చోట, సున్నా దగ్గర కలవాలి, లేకపోతే ప్రతి రౌండ్‌కీ టిక్కు టిక్కు అని వినిపిస్తుంది. కంప్యూటర్లో జూమ్ చేసి ఆ సున్నా వెతకడానికి ఒక సాయంత్రం. చివరి ముక్కలోంచి పాత ఇనుము ఆయన్ని తీసెయ్యడానికి ఇంకో సాయంత్రం, హారన్ తగ్గిపోయే చోటే ఆయన మొదలవుతాడు, ఎక్కడ కోసినా "పా" మిగులుతుంది.

పని ఇంకా ఉంది. దుమ్ము ఒక పెద్ద సమస్య, హైదరాబాద్ దుమ్ముకి పట్టాల మీద రెండు రోజులకే పొర, చక్రం ఒక్క క్షణం కరెంటు వదిలితే డెకోడర్ ఆగి మళ్లీ మొదటినుంచి స్టార్టింగ్ సౌండు, సెల్ఫ్ పట్టని స్కూటరులాగా. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పట్టాలు తుడుస్తున్నా, లోపల కెపాసిటర్లతో చిన్న బ్యాకప్ పెడదామంటే ఇక జాగా లేదు, పెట్టె ఆక్రమించింది. పెట్టె చిన్నది చెయ్యమంటే మాత్రం చెయ్యను. ఎన్ స్కేల్ వాళ్లు, అంటే 160వ వంతు బండ్లలో సౌండ్ పెట్టేవాళ్లు ఎలా బతుకుతున్నారో, వాళ్లకి నా దండం.

కాకకి టర్బో ఈల ఇంకా నచ్చలేదు, సన్నగా ఉందంటాడు. హారన్ మాత్రం ఒప్పుకున్నాడు. ఆయనకి చెప్పని ఇంకో సంగతి, ఆ పాత ఇనుము గొంతు పారెయ్యబుద్ధి కాలేదు, కోసిన ముక్కని ఎఫ్15 మీద పెట్టా. మొన్న మా ఆవిడ మీటింగ్‌లో ఉండగా తెలీక వేలు తగిలింది, ఆమె మ్యూట్ చేసి బాల్కనీలోకి పోయి "ఆగు భయ్యా, మా పాత కూలర్ ఉంది" అని కిందికి కేకేసింది.